చెరసాలలో మన వాటా ఎందుకు ఎక్కువ?

జైలు మాట వచ్చేసరికి మన ఇళ్ళలో గొంతులు తగ్గిపోతాయి. కుర్రాడు లోపల ఉంటే ఇంటివాళ్ళు "పనిమీద ఊరెళ్ళాడు" అంటారు. విన్నవాళ్ళు నమ్మినట్టే తల ఊపుతారు. పెళ్ళి సంబంధాల దగ్గర ఆ కుర్రాడి పేరే రాదు. రోగుల కోసం దుఆ చేయమని ఇమాం గారిని అడిగేవాళ్ళు ప్రతి జుమాకూ ఉంటారు గాని, జైల్లో ఉన్న కొడుకు కోసం దుఆ చేయమని నలుగురిలో అడిగే తండ్రి అరుదు. సిగ్గు సహజమే. కాని సిగ్గుపడి నోరు మూసుకున్నంత మాత్రాన లెక్కలు మారవు. లోపలున్నవాడు బయటికీ రాడు.

ముందు ఆ లెక్కలు చూద్దాం. జాతీయ నేర రికార్డుల సంస్థ దేశంలోని జైళ్ళ వివరాలను సంవత్సరాలవారీగా ప్రకటిస్తుంది. 2019 లెక్కల ప్రకారం శిక్షపడిన ఖైదీల్లో ముస్లింలు 16.6 శాతం, విచారణలో ఉన్న ఖైదీల్లో 18.7 శాతం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో మన వాటా 14.2 శాతం మాత్రమే. అదే జనగణనలో దళితులు 16.6 శాతం, జైళ్ళలో మాత్రం శిక్షపడినవారిలో 21.7 శాతం, విచారణలో ఉన్నవారిలో 21 శాతం. ఆదివాసీలు జనాభాలో 8.6 శాతం; శిక్షపడినవారిలో 13.6 శాతం, విచారణలో ఉన్నవారిలో 10.5 శాతం.

ఈ అంకెల్లో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, జనాభా కంటే జైల్లో వాటా ఎక్కువగా ఉన్నది మనకొక్కరికే కాదు. దళితులకూ ఉంది, ఆదివాసీలకూ ఉంది. ఈ ముగ్గురి మతం ఒకటి కాదు, భాష ఒకటి కాదు, ఆచారాలు ఒకటి కావు. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నవి భూమి తక్కువ, చదువు తక్కువ, ఆఫీసుల్లో పలుకుబడి తక్కువ. రెండోది, ఆదివాసీలకు శిక్షపడినవారిలో వాటా ఎక్కువ, మనకు విచారణ కోసం ఎదురుచూస్తున్నవారిలో వాటా ఎక్కువ. దీన్నిబట్టే మనవాళ్ళంతా నిర్దోషులుగా బయటపడుతున్నారని చెప్పేయలేం. కేసులు తెమలకపోవడం కూడా కారణం కావచ్చు. కాని ఒక్కటి చెప్పవచ్చు. మనవాళ్ళను వెతకవలసిన చోటు తీర్పు దగ్గర కాదు, తీర్పుకు ముందు.

విచారణ ఖైదీ అంటే ఎవరు? నేరం చేశాడని ఆరోపణ ఉన్నవాడు, నేరం రుజువు కానివాడు. చట్టం దృష్టిలో ఇప్పటికి నిర్దోషి. 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది ఇలాంటివాళ్ళే. నలుగురిలో ముగ్గురు! వందమందికి కట్టిన చోట 131 మందిని కూరి ఉంచారు. కనుక జైల్లో ఎవరు ఎక్కువ ఉన్నారన్న ప్రశ్నకు "ఎవరు ఎక్కువ నేరాలు చేశారో వాళ్ళు" అనే జవాబు ఆదిలోనే కుంటుపడుతుంది.

అయినా ఈ ప్రశ్నకు మూడు రకాల జవాబులు వినబడుతూ ఉంటాయి. మూడింటినీ నిష్పక్షపాతంగా పరిశీలించడం మంచిది.

నేరం పుట్టుకలో ఉందా?

మొదటి జవాబు, "వాళ్ళ గుణమే అంత" అన్నది. రైలు పెట్టెలో, హోటల్ బల్ల దగ్గర, కొన్నిసార్లు చదువుకున్నవారి నోట కూడా ఈ మాట వింటాం. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని దీనికొక సామెత కూడా జోడిస్తారు.

మన తెలుగునేలకు ఈ మాట కొత్త కాదు. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే దొంగలని ఆ చట్టం తీర్మానించింది. మన ప్రాంతంలో ఎరుకలవాళ్ళు దాని బారిన పడ్డారు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం అలా వెలసిన సెటిల్‌మెంటే. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. ఏ దొంగతనమూ ఎరగనివాడు కూడా ఆ కులంలో పుట్టినందుకు ఆ జాబితాలోకి ఎక్కాడు. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. మచ్చ మాత్రం పోలేదు. దొంగతనం జరిగితే ముందుగా అనుమానం వాళ్ళ మీదికే వెళ్ళడం, జైలు నియమావళుల్లో సైతం అలాంటి తెగలవాళ్ళను అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే రాతలు మిగిలిపోవడం తరాల తరబడి సాగింది. జైళ్ళలో కులాన్నిబట్టి పనులు పంచే నిబంధనలతోపాటు అలాంటి రాతలు రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పేసరికి 2024 అక్టోబరు వచ్చింది.

నిన్న ఎరుకలవాడి గురించి అన్న మాటే ఈవేళ మన గురించి అంటున్నారు. నిన్న అది ఎంత అబద్ధమో ఈవేళా అంతే అబద్ధం. ఒకరి పాప భారాన్ని మరొకరు మోయరన్నది దివ్య ఖురాన్ పదేపదే చెప్పిన సూత్రం. చేసినవాడే దానికి జవాబుదారీ. అతని తండ్రి కాదు, అతని గల్లీ కాదు, అతని జాతి కాదు.

ఇక్కడ మరో రెండు విషయాలు కలిపి చూడాలి. జైళ్ళలో ఉండేవాళ్ళు ఎక్కువగా పడుచువాళ్ళు. 2019 లెక్కల్లో ఖైదీల్లో దాదాపు 43 శాతం 18 నుంచి 30 ఏళ్ళలోపువాళ్ళు. మన జనాభాలో ఆ వయసువాళ్ళ పాలు ఎక్కువ. పైగా 2011 జనగణన ప్రకారం దేశం మొత్తం మీద పట్నవాసులు 31 శాతం ఉంటే, ముస్లింలలో దాదాపు 40 శాతం. పట్నంలో వీధి చివరనే పోలీసు స్టేషను. పల్లెలో పెద్దమనుషుల దగ్గర తెమిలిపోయే కొట్లాట పట్నంలో ఎఫ్‌.ఐ.ఆర్‌. అవుతుంది. వయసునూ ఊరినీ లెక్కలోకి తీసుకోకుండా మతాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తూచేవాడి తక్కెడ సరైనది కాదు.

అంతా పక్షపాతమేనా?

రెండో జవాబు మన సభల్లో తరచూ వినబడేది: "ఇదంతా తఅస్సుబ్. పేరు చూసి పట్టుకుపోతున్నారు." ఇందులో నిజం ఉంది, కొట్టిపారేయలేని నిజం.

2019లో కామన్ కాజ్, సి.ఎస్‌.డి.ఎస్‌. సంస్థలు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో దాదాపు పన్నెండు వేలమంది పోలీసులను ప్రశ్నించి ఒక నివేదిక వెలువరించాయి. ముస్లింలు సహజంగానే నేరాల వైపు మొగ్గుతారని, ఎంతో కొంత, సగంమంది పోలీసులు భావిస్తున్నట్టు అందులో తేలింది. స్టేషనులో కూర్చున్న ఇద్దరిలో ఒకరి మనసులో ఆ ఊహ ఉంటే, నడిరాత్రి మోటారు సైకిలు ఆపినప్పుడు ఎవరి కాగితాలు రెండుసార్లు చూస్తారో వేరే చెప్పాలా? పోలీసు శాఖలో మనవాళ్ళు తగినంతమంది లేరన్న సంగతి 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. అప్పట్లో ఐ.పి.ఎస్‌. అధికారుల్లో ముస్లింలు 4 శాతం, కానిస్టేబుళ్ళలో 6 శాతం.

హైదరాబాదు అనుభవం మన కళ్ళెదుటే ఉంది. 2007 మే 18, శుక్రవారం నాడు మక్కా మస్జిదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్ళు చనిపోయారు. ఆ తర్వాత పదులకొద్దీ ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వాళ్ళను హింసించారన్న ఆరోపణల మీద అప్పటి రాష్ట్ర మైనారిటీల కమిషను విచారణ జరిపించింది. కోర్టుకెక్కిన కేసుల్లో ఆ యువకులు నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు తర్వాత వేరే దారి పట్టింది. ప్రభుత్వం ఆనాటి బాధితులకు 70 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. కోర్టు నిర్దోషులన్నవారికి మూడేసి లక్షలు, పట్టుకుని వదిలేసినవారికి ఇరవయ్యేసి వేలు. 2013లో హైకోర్టు ఆ చెల్లింపునూ రద్దు చేసింది. రెండో దర్యాప్తులో నిందితులైనవాళ్ళలో విచారణ ఎదుర్కొన్న ఐదుగురు కూడా 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా విడుదలయ్యారు. అంటే చనిపోయినవారి కుటుంబాలకు న్యాయం దొరకలేదు, జైల్లో మగ్గిన యువకులకు పోయిన కాలం తిరిగి రాలేదు.

అక్షరధాం కేసు సంగతి కూడా తెలిసిందే. 2002లో గుజరాత్‌లోని ఆ ఆలయం మీద దాడి జరిగింది. కింది కోర్టు ముగ్గురికి మరణశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ ముగ్గురితో కలిపి ఆరుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఉరితాడు దాకా వెళ్ళి వచ్చినవాళ్ళు వాళ్ళు.

ఇవన్నీ నిజమే అయినా ఇక్కడ ఆగిపోతే మనల్ని మనం మభ్యపెట్టుకున్నట్టే. ఉగ్రవాద కేసులు పేపర్లలో పెద్ద అక్షరాలతో వస్తాయి గాని జైళ్ళు నిండేది వాటితో కాదు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ పరిశోధకులు 2011లో మహారాష్ట్ర జైళ్ళలోని ముస్లిం ఖైదీలను కలిసి వివరాలు సేకరించారు. వాళ్ళలో అధికులకు నేరముఠాలతో సంబంధం లేదని తేల్చారు. చదువు ఆగిపోయి, చిన్నాచితకా పనులు చేసుకుంటూ కొట్లాటలోనో దొంగతనంలోనో ఇరుక్కున్నవాళ్ళు ఎక్కడి జైల్లోనైనా కనబడతారు. గంజాయి మన గల్లీల్లోకి రాలేదని ఎవరైనా గుండె మీద చేయి వేసుకుని చెప్పగలరా? కత్తి చూపించి ఫోను లాక్కున్న కుర్రాడి చేతిలో దెబ్బ తిన్నది కూడా చాలాసార్లు మన పొరుగింటి కుర్రాడే. ఆ బాధితుడికీ న్యాయం కావాలి. అరెస్టయిన ప్రతివాడూ మజ్లూం అని చెప్పేవాళ్ళం, నిజమైన మజ్లూం విషయంలో మన మాట నమ్మేవాళ్ళు లేకుండా చేసుకుంటాం.

పేదరికం ఎక్కడ పనిచేస్తుంది?

మూడో జవాబు పేదరికం, చదువులేమి. 2019 లెక్కల్లో ఖైదీల్లో 27.7 శాతం నిరక్షరాస్యులు, మరో 41.6 శాతం పదో తరగతి లోపు ఆపేసినవాళ్ళు. పదిమందిలో ఏడుగురు! అయితే పేదరికం దొంగతనం నేర్పుతుందని అర్థం చేసుకోకూడదు. రోజంతా రిక్షా తొక్కి హలాల్ రొట్టె తినేవాళ్ళు కోట్లమంది ఉన్నారు. బ్యాంకులు ముంచినవాళ్ళు పేదవాళ్ళు కారు. పేదరికం చేసే ఘోరం వేరే. తప్పు చేసినా చేయకపోయినా, లోపలికి వెళ్ళినవాణ్ణి అది బయటికి రానివ్వదు.

జామీను ఎలా దొరుకుతుందో చూడండి. మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడు ఒక కొట్లాట కేసులో అరెస్టయ్యాడనుకుందాం. మేజిస్ట్రేటు బెయిలు ఇచ్చారు. ఇద్దరు జామీనుదారులు రావాలన్నారు. వాళ్ళకు ఇల్లో పొలమో ఉండాలి, పన్ను రసీదు ఉండాలి, లేదా జీతం సర్టిఫికెట్ ఉండాలి. ఆ కుర్రాడిది అద్దె ఇల్లు. మేనమామది అద్దె ఇల్లు. యజమాని ఉద్యోగి కాదు. ఉన్న ఒక్క సొంత ఇంటివాడు "కోర్టు గొడవ నాకెందుకు భాయ్" అంటాడు. తల్లి వకీలు ఫీజు కోసం చెవికమ్మలు కుదువపెడుతుంది. కాగితం మీద బెయిలు వచ్చినవాడు కూడా నెలల తరబడి లోపలే ఉంటాడు. అదే కేసులో అవతలి పక్షం కుర్రాడు, ఇల్లున్న తండ్రికి పుట్టినవాడు, వారంలో ఇంట్లో ఉంటాడు. ఇద్దరిలో ఎవరు తప్పుచేశారో ఇంకా ఏ కోర్టూ తేల్చలేదు. కాని శిక్ష ఒకడికి పడిపోయింది.

ఈ అన్యాయాన్ని న్యాయస్థానాలే ఎప్పుడో గుర్తించాయి. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టు బెయిలు ఇస్తే, కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ అడిగారు. అన్న జామీను నిలబడతానంటే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో మన తెలుగువాళ్ళను కూడా తలచుకున్నారు. ఒక తెలుగువాడో తమిళుడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని నిలదీశారు. వెయ్యి రూపాయల సొంత పూచీ మీద ఆ మేస్త్రీని వదలమన్నారు. మరుసటి ఏడే, 1979లో, బీహారు జైళ్ళ కేసు వచ్చింది. వేసే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ కోసమే లోపల గడిపినవాళ్ళు అందులో బయటపడ్డారు. త్వరగా విచారణ జరగడం జీవించే హక్కులో భాగమని జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. దేశంలోని న్యాయ కళాశాలలన్నింటిలో చదివే ఆ కేసుకు ఉన్న పేరు ఒక ముస్లిం మహిళా ఖైదీది: హుసైనారా ఖాతూన్.

ఆ తర్వాత చట్టాలు చాలా వచ్చాయి. శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపినవాణ్ణి వదలాలని 2005లో సవరణ చేశారు. 2024 జూలై ఒకటి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిపితే బెయిలుకు అర్హుడంటుంది. మరణశిక్ష, యావజ్జీవం పడగల కేసులకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. కోర్టుకు దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత ఖైదీలకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. జామీను కట్టలేని పేద ఖైదీకి నలభై వేల రూపాయల వరకు ఇచ్చేలా కేంద్రం 2023లో పథకం పెట్టింది. చట్టం ఉంది, తీర్పు ఉంది, పథకం ఉంది. అయినా జైళ్ళు నిండే ఉన్నాయి. కారణం, లోపలున్నవాడి పేరు పట్టుకుని ఈ తలుపులు తట్టేవాడు బయట లేకపోవడం.

ఈ చర్చ ఒక్క మన దేశంలోనే జరగడం లేదు. ఇంగ్లండు, వేల్స్ జైళ్ళలో ముస్లింల వాటా జనాభాలో వాళ్ళ వాటాకు రెట్టింపు దాటింది. అక్కడి పార్లమెంటు సభ్యుడు డేవిడ్ లామీ 2017లో ప్రభుత్వం కోరగా మైనారిటీలందరి విషయం పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఆయన అనుసరించిన పద్ధతి మనకు పనికొస్తుంది. అరెస్టు, నేరం ఒప్పుకోవడం, జ్యూరీ, శిక్ష, విడుదల అని అంచెలంచెలుగా విడదీసి, ఏ మెట్టు దగ్గర తేడా వస్తోందో చూశారు. జ్యూరీల దగ్గర తేడా పెద్దగా కనబడలేదు. వేరే మెట్ల దగ్గర కనబడింది. వ్యవస్థ మీద నమ్మకం లేనివాడు సొంత వకీలు సలహా కూడా వినడని, దానివల్ల దొరకవలసిన శిక్ష తగ్గింపు పోగొట్టుకుంటున్నాడని తేలింది. మనం కూడా ఇలాగే మెట్టు మెట్టుగా చూడాలి. అరెస్టు మెట్టు దగ్గర పక్షపాతం ఉంది, దానితో పోరాడాలి. వీధి మెట్టు దగ్గర మన నిర్లక్ష్యం ఉంది, దాన్ని సరిదిద్దుకోవాలి. జామీను మెట్టు దగ్గర పేదరికం ఉంది. మూడింటిలో రేపటి నుంచే మన చేతనయ్యేది ఈ మూడోది.

మన దీన్ ఏమంటుంది?

ఖైదీ పట్ల బాధ్యత మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. అల్లాహ్ ప్రీతి కోసం నిరుపేదకూ అనాథకూ ఖైదీకీ అన్నం పెట్టేవారిని దివ్య ఖురాన్ 76వ సూరాలో మెచ్చుకున్నది. ఆ రోజుల్లో ముస్లింల చేతుల్లో ఉన్న ఖైదీలు ముస్లిమేతరులన్న సంగతి ముఫస్సిరులు గుర్తుచేశారు. అంటే ఖైదీ మతం అడగకుండానే అతని హక్కు నిలబడింది.

హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న ఇమాం అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహ్) 'కితాబుల్ ఖరాజ్' అనే గ్రంథంలో ఖలీఫాకు ఖైదీల విషయంలో సలహాలు రాశారు. గొలుసులతో బయటికి వచ్చి వీధుల్లో బిచ్చమెత్తుకునే దుస్థితి ఖైదీలకు ఉండకూడదని, బైతుల్‌మాల్ నుంచి వాళ్ళకు భత్యం, చలికాలానికీ వేసవికీ బట్టలు ఇవ్వాలని చెప్పారు. ఒట్టి ఆరోపణ మీద మనిషిని బంధించడం తగదన్నారు. ఖైదీల విషయం ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే జైళ్ళు నిండుతున్నాయని, అధికారులు రోజూ వాళ్ళ కేసులు చూసి, శిక్షార్హుడిని శిక్షించి పంపాలని, కేసు లేనివాణ్ణి వదిలెయ్యాలని రాశారు. పన్నెండు వందల ఏళ్ళ కిందట బగ్దాదులో రాసిన మాట ఇది. ఈవేళ మన జైళ్ళకు సరిగ్గా సరిపోతుంది.

"దొంగకు జామీను నిలబడితే దొంగతనాన్ని పెంచినట్టు కాదా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జామీను అంటే నేరాన్ని సమర్థించడం కాదు. విచారణకు తప్పక వస్తాడని హామీ ఇవ్వడం. నీ సోదరుడు జాలిం అయినా మజ్లూం అయినా అతనికి సాయపడమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. జాలింకు సాయమేమిటని సహాబాలు అడిగితే, అతని చేయి పట్టి జులుం నుంచి ఆపడమే సాయమన్నారు. తప్పు చేసిన కుర్రాణ్ణి కోర్టుకు తీసుకువెళ్ళడం, బాధితుడికి నష్టం కట్టించడం, మళ్ళీ ఆ దారి పట్టకుండా పనిలో పెట్టడం కూడా సాయమే. పాత ముదుళ్ళతో కలిపి అతన్ని ఏడాది లోపల ఉంచడం మాత్రం సమాజానికి మేలు కాదు.

ఏం చెయ్యాలి?

ప్రభుత్వం చెయ్యవలసినవి ఉన్నాయి. మత కుల వివరాలతో జైలు లెక్కలు జిల్లాలవారీగా ప్రకటించాలి. చూపించని రోగానికి మందు ఉండదు. పోలీసు ఉద్యోగాల్లో అన్ని వర్గాలవారికీ చోటు పెంచాలి. తప్పుడు కేసులో ఏళ్ళ తరబడి మగ్గినవాడికి పరిహారం దయగా కాక హక్కుగా దొరికేలా చట్టం చెయ్యాలి. వీటికోసం దళితులతో, ఆదివాసీలతో కలిసి అడగాలి. వాళ్ళ అంకెలు మన అంకెల పక్కనే ఉన్నాయి.

మనం చెయ్యవలసినవి అంతకంటే దగ్గరలో ఉన్నాయి. ప్రతి పెద్ద మస్జిదు కమిటీ తన మొహల్లాలో ఎవరెవరు జైల్లో ఉన్నారో ఒక జాబితా రాసుకోవాలి. ఏ సెక్షను, ఎన్నాళ్ళు, ఛార్జిషీటు పడిందా, బెయిలు వచ్చిందా, వస్తే ఎందుకు బయటికి రాలేదు అని ఐదు ప్రశ్నలు అడిగితే సగం పని అయినట్టే. పూర్తి సమయం పట్టే పని కాదు. ఇద్దరు చదువుకున్న యువకులు చాలు.

ప్రతి ఇంట్లో కొన్ని విషయాలు తెలిసి ఉండాలి. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టు సంగతి బంధువుకు తెలియజెయ్యాలి. నేరం తీవ్రతనుబట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు అవుతుంది; కాని ఛార్జిషీటు పడకముందే అడగాలి, అడగకపోతే ఆ హక్కు జారిపోతుంది. నిర్బంధంలో ఉన్న ప్రతివాడికీ, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత వకీలు దొరకాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతుంది. ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100 నెంబరుకు ఫోను చెయ్యవచ్చు. కోర్టు గేటు దగ్గర డబ్బు తీసుకుని దొంగ కాగితాలతో జామీను నిలబడేవాళ్ళ చేతుల్లో పడకండి. ఒక కేసు రెండు కేసులవుతుంది.

సొంత ఇల్లు, మంచి ఉద్యోగం ఉన్న మన సోదరులు ఒక్క మాట ఆలోచించాలి. తెలిసిన కుటుంబం, కుర్రాడు పారిపోడన్న నమ్మకం ఉన్నచోట జామీను నిలబడడం ఉమ్రాకు వెళ్ళడానికి పెట్టే ఖర్చు కాదు. ఒకరోజు కోర్టులో కూర్చోవడం, అంతే. జకాత్ ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దుల్లో మెడలు విడిపించడం ఒకటి, అప్పుల్లో మునిగినవారు ఒకటి. ఏ ఖైదీ విషయంలో జకాత్ సరిపోతుందో మీ ప్రాంతపు ముఫ్తీ గారిని అడగండి. సదఖాకు, దానధర్మాలకు ఆ షరతులు లేవు. పక్క గదిలోని దళిత ఖైదీకి కూడా అవి చేరవచ్చు.

ఇంటి పెద్ద లోపల ఉన్న కుటుంబాన్ని వెలివేయకండి. ములాఖత్ కోసం చంటిబిడ్డతో జైలు గేటు దగ్గర నిలబడే ఆడబిడ్డ ఏ నేరమూ చెయ్యలేదు. ఆ ఇంటి పిల్లల ఫీజు కట్టండి. బడి మానిన పిల్లవాడు ఏ మూలన ఎవరితో కూర్చుంటున్నాడో తల్లిదండ్రులు చూసుకోవాలి. ఇరవై ఏళ్ళ తర్వాతి జైలు లెక్క ఈవేళ ఆరో తరగతిలో హాజరు పట్టీలో రాయబడుతోంది.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కథ మన పిల్లలందరికీ తెలుసు. ఏ తప్పూ చెయ్యకుండా చెరసాలకు వెళ్ళారు. తోటి ఖైదీ విడుదలై వెళ్తుంటే, నీ యజమాని దగ్గర నా మాట చెప్పు అన్నారు. బయటికి వెళ్ళినవాడు మరచిపోయాడు. అతను చెడ్డవాడు కాడు, శత్రువు కాడు. ఒట్టి మరపు. ఆ మరపు వల్ల అల్లాహ్ ప్రవక్త ఇంకా కొన్నేళ్ళు లోపలే ఉండవలసి వచ్చింది. తర్వాత రాజు పిలిపించినప్పుడు కూడా, ముందు నా మీద మోపిన నింద సంగతి విచారించండి అన్నారు గాని పరుగెత్తుకు రాలేదు. ఖైదీ కోరేది జాలి కాదు, విచారణ. దాన్ని గుర్తుచేసే నోరు బయట ఒకటి ఉండాలి. ఆ మరచిపోయిన మనిషి జాబితాలో అల్లాహ్ మనల్ని చేర్చకుండుగాక. ఆమీన్.